మధుమేహము గల తల్లి - చనుబాలు



మధుమేహము గల గర్భిణిని “నీ బిడ్డకు పాలిత్తువా?” యని యడిగిన “ఇయ్యవలెననియే యున్నది, కాని నా పాలు పిల్లకు పడునో, అసలు నాకు పాలు పడునో పడవో” యని తఱచుగా బదులు చెప్పును. ఈ సంశయమును గూర్చియే నేటి ప్రసంగము.

1921లో టొరాంటో నగరమున ఇన్సులిన్ కనుగొనబడుటకు పూర్వము, ఈ వ్యాధి గల స్త్రీ క్షేమముగా బిడ్డను గనుటయే యరుదు. నేడట్లు గాదు. ఆమె పాలు బిడ్డకు వ్యాధి నంటింపవు. ఆమె పుచ్చుకొను ఇన్సులిన్ వలనను బిడ్డకు హాని లేదు.

అయినను ఒక చిక్కు గలదు. సామాన్యముగా ప్రసవమైన రెండు మూడు దినములకు పాలు నిండుగా పడును. మధుమేహము గల తల్లికి ఇంచుమించు ఒక దినము ఆలస్యము కావచ్చును. పాలను తయారుచేయు కణములకు ఇన్సులిన్‌తో పని యుండుట యిందుకొక కారణము.

ఆ సమయముననే బిడ్డకును ఒక యాపద పొంచియుండును. గర్భములో తల్లి రక్తమునుండి చక్కెర మెండుగా వచ్చుటచే, శిశువు తన శరీరమున అధికముగా ఇన్సులిన్ పుట్టించుకొనును. బొడ్డు కోయగనే చక్కెర రాక యాగును. ఇన్సులిన్ మాత్రము కొంతకాలము నిలుచును. అందుచే బిడ్డ రక్తములో చక్కెర పడిపోవచ్చును. వైద్యులు మడమనుండి రక్తపుబొట్టు తీసి పరీక్షింతురు. అవసరమైన డబ్బాపాలు పట్టింతురు. అంతట “తల్లికి పాలు లేవు” అను మాట యింట పుట్టును. ఆ మాటతో ధైర్యము చెడిన తల్లి బిడ్డను తఱచుగా రొమ్మున కందింపదు. అందింపనికొలది పాలు తగ్గును. ఆలస్యము వేఱు, లేమి వేఱు.

కావున ఎనిమిదవ మాసముననే వైద్యునితోను, మంత్రసానితోను, అత్తగారితోను మాటలాడి యేర్పాటు చేసికొనవలయును. పుట్టిన గంటలోపల బిడ్డను తల్లి యొడలికి హత్తించి పాలిప్పింపవలయును. దినమునకు ఎనిమిది మొదలు పండ్రెండు పర్యాయములు పాలిచ్చుట మంచిది. తేనె, పంచదారనీళ్లు నాకింపరాదు. ముఱ్ఱుపాలను పిండి పాఱబోయరాదు.

ఆస్ట్రేలియా దేశమున 635 మంది మధుమేహపు గర్భిణులతో జరిపిన పరిశోధన 2017లో ప్రకటింపబడెను. ఇతర చిక్కులు లేనివారు ముప్పదియాఱవ వారమునుండి ముఱ్ఱుపాలను చేతితో పిండి దాచుకొనుటవలన బిడ్డలకు హాని కలుగలేదని తేలినది. వైద్యుని యనుమతి లేక మాత్రము ఈ పని చేయరాదు. అనుమతి యున్న, ప్రసవమునకు ముందే తన పాలను తాను కన్నులార చూచుకొన్న తల్లికి ధైర్యము కలుగును గదా!

డబ్బాపాలు తప్పనిసరియైన, అది యోటమి గాదు. అప్పుడును రొమ్మునందించుట, పాలు పిండుట మానరాదు. ఇన్సులిన్ పుచ్చుకొను తల్లికి పాలిచ్చునపుడు చక్కెర తగ్గవచ్చును. కావున దగ్గఱ ఏదేని తినుబండార ముంచుకొనవలయును. గర్భకాలమున మాత్రమే మధుమేహము వచ్చినవారు పాలిచ్చినచో, ముందుముందు ఆ వ్యాధి స్థిరపడు భయము కొంత తగ్గును.

మీ యింట నిట్టి గర్భిణి యున్నచో, “నీకు పాలు పడునా?” యని యడుగక, “పడువఱకు మేము తోడుందుము” అని చెప్పుడు.