బాల్టిమోరు పాత ప్రధాన దేవాలయము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో తొలుత కట్టఁబడిన కతోలిక ప్రధాన దేవాలయమును గూర్చి మన చదువరులకుఁ గొంత తెలుపఁ గోరుచున్నాము. ఇంగ్లీషువారి యేలుబడిలో, 1704 నాఁటి చట్టమువలన, మేరీలాండునందలి కతోలికులకు బహిరంగారాధన నిషిద్ధమయ్యెను. వారు తమ యిండ్లలోనే ప్రార్థించుకొనుచుండిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట నా నిర్బంధము తొలఁగెను. 1806లో బిషప్పు జాన్ కారల్ గారు బాల్టిమోరు నగరమున శంకుస్థాపన చేసిరి. శిల్పి లాట్రోబు గోథికు రీతి నొకటి, రోమక రీతి నొకటి నమూనాలు చూపఁగా, నూతన ప్రభుత్వ భవనములకుఁ దగిన రోమక రీతియే గైకొనఁబడెను. కారల్ గారు 1815లో గతించిరి. 1821లోఁ బ్రతిష్ఠ జరిగెను.

దీని గుమ్మటము జంట గుమ్మటము. బయటి దాని 24 కిటికీల వెలుఁగు లోపలి దాని నడిమి రంధ్రముగుండ దిగును. కిటికీలు మాత్రము క్రిందివారికిఁ గానరావు. నడుమ మూయఁబడిన యా కిటికీలు 2006 నాఁటికి మరలఁ దెరువఁబడినవి. చాటున ప్రార్థించినవారి సంతతి కట్టిన కోవెలకు వెలుఁగే భూషణమగుట యెంతయు నుచితమని మా తలంపు.