బి. నర్సింగరావు చలనచిత్ర దృక్పథం – బొగ్గుగని ప్రాంతం నుంచి ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
తెలంగాణ జనజీవితాన్ని వ్యాపార సూత్రాలకు లొంగకుండా తెరకెక్కించిన దర్శకులలో బి. నర్సింగరావు ముఖ్యులు. ఆయన చిత్రాలు ప్రధానంగా భూమి, గడి, నగరం అనే మూడు స్థలాల చుట్టూ నడిచాయి. రామగుండం, గోదావరిఖని వంటి సింగరేణి ప్రాంతాలు వాటి కథాస్థలాలు కావు. అయినా శ్రమను తెరపై ఎలా చూపాలన్న ప్రశ్నకు ఆయన పద్ధతి ఈ ప్రాంతానికీ ఉపకరిస్తుంది. ఆ పద్ధతిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చిత్ర ప్రస్థానం:
తెలంగాణ సాయుధ పోరాటాన్ని చిత్రించిన 'మాభూమి' 1980లో విడుదలైంది. కిషన్ చందర్ ఉర్దూ నవల దానికి ఆధారం. గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించగా, నర్సింగరావు నిర్మాతలలో ఒకరు. దర్శకుడిగా ఆయన తొలి కథాచిత్రం 'రంగుల కల' (1983). అందులో చిత్రకారుడి పాత్రను తానే పోషించి, కళకూ అంగడికీ మధ్య ఉండే ఘర్షణను చర్చించారు. 'దాసి' (1988) ఐదు జాతీయ పురస్కారాలు పొందింది. 'మట్టి మనుషులు' (1990) పల్లె విడిచి నగరానికి చేరిన భవన నిర్మాణ కూలీల జీవితాన్ని చిత్రించింది.

దృక్పథం:
'దాసి'లో దొర అధికారం కంటే కమలాక్షి దినచర్యకే ప్రాధాన్యం ఎక్కువ. నీళ్లు మోయడం, వాకిలి ఊడ్వడం, పిలుపు కోసం నిలబడటం వంటి పనుల ద్వారానే వెట్టి స్వరూపం ప్రేక్షకునికి బోధపడుతుంది. సంభాషణలు మితంగా ఉండటం వల్ల ఆమె మౌనమే కథనమవుతుంది. కరీంనగర్ ప్రాంతానికి చెందిన తోట వైకుంఠం కళా దర్శకత్వం ఆ గడికి స్థానికతను సమకూర్చింది. అంటే ఇక్కడ శ్రమ కథకు నేపథ్యం కాదు, కథే శ్రమ.

బొగ్గుగని ప్రాంతానికి అన్వయం:
సింగరేణి నేపథ్యంతో శ్రీకాంత్ ఓదెల తీసిన 'దసరా' (2023) ఈ ప్రాంతపు భాషను, బొగ్గు ధూళిని విస్తృత ప్రేక్షకులకు చేర్చింది. ఇది గుర్తించదగిన విజయమే. అయితే ఆ కథను నడిపేవి స్నేహం, మద్యం, ఊరి అధికారం, ప్రతీకారం. అక్కడ బొగ్గు నేపథ్యంగానే మిగిలింది. షిఫ్టుకు బయలుదేరే కార్మికుడు, అతడు తిరిగి వచ్చేదాకా ఎదురుచూసే ఇల్లు, ఓపెన్‌కాస్టు గనికి భూమినిచ్చి కదిలిపోయే పల్లె కేంద్రస్థానానికి రాలేదు. 'మట్టి మనుషులు' కూలీల వలసను చూసిన తీరులో వీటిని చూస్తే కథాకేంద్రమే మారుతుంది.

ముగింపు:
నర్సింగరావు స్వతంత్రత తక్కువ వ్యయంలోనో, తారలు లేకపోవడంలోనో మాత్రమే లేదు. ఎవరి పని తెరపై ఎంతసేపు నిలవాలో నిర్ణయించడంలో ఉంది. ఒక చిత్రంలో ప్రాంతీయత ఉందా అని మాత్రమే కాక, ఆ ప్రాంతపు శ్రమకు తెరపై ఎంత కాలం దక్కిందని కూడా పరిశోధకులు ప్రశ్నించవలసి ఉంది. బొగ్గుగని జీవితంపై రానున్న చిత్రాలకు ఆ ప్రశ్నే సరైన కొలమానం.