మడి బట్ట అంటే ఏది?



గత మాఘమాసంలో ఒక ఉదయం ఆలయ మండపంలో కూర్చుని ఉండగా ఒక ఇల్లాలు వచ్చి చేతులు జోడించి, "అయ్యా, స్వామివారి కల్యాణానికి టిక్కెట్టు తీసుకున్నామండీ. నాకు పట్టుచీర లేదు. నూలుచీరతో కూర్చుంటే దోషమా?" అని అడిగింది. "ఉతికినదేనా తల్లీ?" అన్నాను. "నిన్న ఉతికి, ఎవరూ తాకకుండా దండెం మీద ఆరవేసిన చీరండీ" అన్నది. "అంతకు మించిన మడి లేదమ్మా, నిశ్చింతగా కూర్చో" అని పంపాను.

ఆమె వెళ్ళిన తరువాత చాలాసేపు నా మనస్సు కలతగానే ఉన్నది. భగవంతుని ముందు కూర్చోవడానికి బట్ట ఖరీదు అడ్డువస్తుందని ఆమెకు ఎవరు చెప్పారు? మావంటి వారమే చెప్పి ఉంటాము. అందుచేత వస్త్రధారణ విషయంలో భక్తులలో పాతుకొనిపోయిన అపోహలను గురించి నాలుగు మాటలు వ్రాయ సంకల్పించాను.

మొదటిది, "పట్టుకు మైల లేదు, ఉతకనక్కరలేదు" అనే మాట. చిన్ననాట పాఠశాలలో మేము కంఠస్థం చేసిన అమరకోశం వస్త్రానికి నాలుగు పుట్టుకలు చెప్పినది: చెట్టు నార, కాయ, పురుగు, రోమం. నార నుండి క్షౌమం, కాయ నుండి కార్పాసం అనగా నూలుబట్ట, పురుగు నుండి కౌశేయం అనగా పట్టు, రోమం నుండి కంబళ్ళు. నాలుగింటినీ ఒకే వరుసలో నిలిపిన ఆ గ్రంథమే, ఉతికిన పట్టుకు పత్రోర్ణమని ప్రత్యేకంగా ఒక పేరు పెట్టినది. పట్టును ఉతకనే అక్కరలేకపోతే ఆ పేరు పుట్టేదా?

మనుస్మృతి 5వ అధ్యాయంలో ద్రవ్యశుద్ధిని చెప్పే చోట ఈ విషయం మరింత స్పష్టంగా ఉన్నది. పట్టును, ఉన్నిని చవుటిమన్నుతోను, కొండమేకల రోమంతో నేసిన కంబళ్ళను కుంకుడుకాయలతోను, నారబట్టలను తెల్ల ఆవాలతోను శుద్ధి చేయాలని అక్కడ విధించారు. అనగా ఏ బట్టకు తగిన క్షాళనం ఆ బట్టకు ఉన్నది. క్షాళనం నుండి మినహాయింపు మాత్రం దేనికీ లేదు. పట్టు త్వరగా మాయదు, రోజూ ఉతికితే నిలువదు. అందువలన పెద్దలు దానికి కొంత వెసులుబాటు ఇచ్చి ఉంటారని నాకు తోస్తుంది. ఆ వెసులుబాటే క్రమంగా గొప్పతనమై కూర్చున్నది.

ఈ విషయంలో నా తప్పు ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. ముప్పై ఏళ్ళ ప్రాయంలో ఒక గ్రామంలో సత్యనారాయణ వ్రతం చేయిస్తున్నాను. జరీ అంచు పట్టుపంచె కట్టిన ఒక ఆసామి ముందు వరుసలో కూర్చున్నాడు. నూలుపంచె కట్టిన ఒక రైతుకూలీ తన భార్యతో వచ్చి ఆ వెనుక కూర్చోబోగా, "అది మడి బట్ట కాదు, అరుగు మీద కూర్చోండి" అన్నాను. వారు మారుమాట లేకుండా వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. ఆ రాత్రి మా గురువుగారితో ఈ సంగతి గొప్పగా చెప్పాను. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "ఏమోయ్, ఆ రెండు పంచెలలో ఈ ఉదయం నీళ్ళు చూసినది ఏది?" అని మాత్రం అడిగారు. జవాబు నాకు తెలుసు. పట్టుపంచె మీద ఎప్పటి పెళ్ళిదో గంధపు మరక అలాగే ఉన్నది. కూలీవాని పంచె అంచు ఇంకా తడి ఆరలేదు. మరునాడు ప్రసాదం తీసుకొని వారి ఇంటికి వెళ్ళాను. అప్పటికే ఇద్దరూ పొలానికి వెళ్ళిపోయారు. ప్రసాదం పక్కింటి వారి చేతికిచ్చి వచ్చాను. చెప్పవలసిన క్షమాపణ నేటికీ నాలోనే ఉండిపోయినది.

రెండవ అపోహ, కుట్టుబట్ట మన సంప్రదాయంలో లేదని. సూదితో కుట్టే ప్రస్తావన ఋగ్వేదంలోనే ఉన్నది. కుట్టుపనివానికి తున్నవాయుడు, సౌచికుడు అని అమరకోశం రెండు పేర్లు చెప్పినది. కర్మకాలంలో పంచె, ఉత్తరీయం ధరించడం శిష్టాచారం, దానిని పాటించడం మంచిది. అంతమాత్రాన చొక్కాతో దైవదర్శనానికి వచ్చినవాడు అపవిత్రుడు కాడు. కేరళలోని అనేక ఆలయాలలో పురుషులు చొక్కా విప్పి లోనికి వెళ్ళాలి. తిరుమలలో కుర్తా పైజామాకు, ఆడపిల్లలకు చున్నీతో కూడిన చుడీదారుకు అనుమతి ఉన్నది. ఇవి ఆయా క్షేత్రాల ఆచారాలు. ఏ క్షేత్రానికి వెళ్ళితే అక్కడి నియమాన్ని మన్నించడమే భక్తుని మర్యాద.

మూడవది నలుపు రంగు. నీలిమొక్క రంగు అద్దిన బట్టను కర్మకాలంలో కూడదని కొన్ని స్మృతులు చెప్పిన మాట నిజమే. అది ఆ అద్దకానికి, ఆ సందర్భానికి పరిమితమైన నిషేధం. నలుపు స్వతః అమంగళమే అయితే మండలకాలం నల్లబట్టలు ధరించి శబరిమల వెళ్ళే అయ్యప్ప దీక్షాపరుల మాట ఏమిటి? విజయవాడ కనకదుర్గమ్మ సన్నిధికి భవానీలు ఎర్రబట్టలతో వస్తారు. ఆ రంగులను పవిత్రం చేసినది వారు పట్టిన నియమమే.

చివరగా దాతలకు ఒక విన్నపం. స్వామికి పట్టువస్త్రాలు సమర్పించడం మహాపుణ్యం, దానిని కాదనే అధికారం నాకు లేదు. నూలు నేతకు పట్టు అంచు కూర్చడంలో పేరుగాంచిన గద్వాల నుండి ఏరువాడ జోడు పంచెలు ఏటా శ్రీవారి బ్రహ్మోత్సవాలకు తిరుమల చేరుతాయి. వాటిని నేసేవారు నియమనిష్ఠలతో మగ్గం ముందు కూర్చుంటారు. ఆ నిష్ఠను మనం కూడా గ్రహించాలి. మీరు స్వామికి ఒక పట్టుచీర సమర్పించిన నాడు, కల్యాణానికి వచ్చే ఒక పేద ముత్తైదువకు మంచి నూలుచీర కూడా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు "ఇది ఉతికి కట్టుకో తల్లీ, ఇదే నీకు మడి" అని ఒక మాట చెప్పండి. ఆమె సంకోచం లేకుండా స్వామి ఎదుట కూర్చుంటుంది.

స్నానం చేసిన దేహం, ఉతికిన బట్ట, ఒళ్ళు కప్పే తీరు, ఎదుటివారిని చిన్నచూపు చూడని మనస్సు. ఈ నాలుగూ ఉన్నవారు నిస్సంకోచంగా సన్నిధికి రావచ్చును.

శుభం భూయాత్.