గొర్రెల కాపరి వేషం

మా ఇంట్లో పోయిన దీపావళి నుంచి ఒక తగువు నడుస్తా ఉంది. ఆస్తి తగువు కాదు లెండి, దానికి ఆస్తి ఉండాల గదా. మా మనవళ్ళిద్దరూ వీడియో గేములు ఆడతారు. పెద్దోడు ధర్మపురిలో కాలేజీ, చిన్నోడు పదకొండో క్లాసు. ఆ రోజు చిన్నోడు సెల్‌లో ఏదో తుపాకుల ఆట ఆడతా "ఇది కూడా ఆర్.పి.జి.నే" అన్నాడు. పెద్దోడు "లెవెల్ పెరిగితే ఆర్.పి.జి. అయిపోతాదా?" అని లేచినాడు. వీడొక మాట, వాడొక మాట. వంటింట్లోంచి మా కోడలు గరిటె పట్టుకొని వచ్చినాక గానీ ఆగలేదు.

నేను నడుమ కూర్చొని అడిగినాను, "ఏమప్పా ఈ ఆర్.పి.జి. అంటే?"

రోల్ ప్లేయింగ్ గేమ్ అంట. రోల్ అంటే వేషం. వేషం కట్టి ఆడే ఆట. ఆ మాట విన్నాక నేనూ ఊరుకోలేదు. కంప్యూటర్ నాకు తెలీదు గానీ వేషం సంగతి నాకు చెప్పాలనా? మా ధర్మపురి జిల్లాలో ద్రౌపదమ్మ గుళ్ళ కాడ పద్దెనిమిది రోజులు భారతం జరిపితే, పగలు కథ, రాత్రి తెరుకూత్తు. చిన్నప్పుడు నేను తెర పట్టుకునే పిల్లోణ్ణి. ఈ కొస నేను, ఆ కొస మా చిన్నాయన కొడుకు. తెర వెనకాల దుర్యోధనుడు గజ్జెలు కొడతా ఉంటాడు. ముందర కట్టియకారన్ ఉంటాడు, మన భాగోతంలో హాస్యగాడి మాదిరి. వాడు అడుగుతాడు, "ఎవరయ్యా నువ్వు, ఏ ఊరు, ఏం పని మీద వచ్చినావు?" అని. లోపల ఉన్నోడు తన పేరు, తన కులం, తన బలం అంతా పాడి చెప్పుకోవాల. చెప్పినాకే తెర తీసేది. రాజైనా సరే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా సభలోకి వచ్చేదానికి లేదు.

ఇది చెప్తే పెద్దోడు ఎగిరినాడు. "తాతా, నువ్వు చెప్పిందే! నిజమైన ఆర్.పి.జి. కూడా మొదట అదే అడుగుతుంది, నువ్వెవరు అని."

వాడు చెప్పిన దాని ప్రకారం ఈ ఆటలు పుట్టింది కంప్యూటర్‌లో కాదు, కాగితం మీద. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అని ఒక ఆట పుస్తకం వేసినారు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ చెప్పేవాడు. మిగతావాళ్ళు తలా ఒక వేషం. కథ చెప్పేవాడు "ఎదురుగా గుహ ఉంది, లోపల ఏదో మూలుగుతా ఉంది, ఏం చేస్తారు?" అంటాడు. వీళ్ళు ఏం చేస్తామో నోటితో చెప్పాల. అది జరిగిందా లేదా అనేది పాచిక వేసి చూస్తారు. ఇరవై ముఖాల పాచిక కూడా ఉంటుందంట దాంట్లో. మన దాయం కట్టెలకి నాలుగే ముఖాలు. ఆ నాలుగు ముఖాలతోనే ఇంట్లో ఆడోళ్ళు ఎంత కొట్లాడుకుంటారో తెలిసిందే, ఇంక ఇరవై ముఖాలంటే!

మరి చిన్నోడి పక్షం కూడా వినాల గదా. వాడి మాట ఏమంటే, ఆడేకొద్దీ మనిషి బలం పెరుగుతుంది, లెవెల్ ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు, కత్తి మారుతుంది, చొక్కా మారుతుంది, అందుకని ఆర్.పి.జి. వాడిది పూర్తిగా తప్పు కాదు. ఆ కాగితం ఆటలో కూడా అంకెలు ఉన్నాయి. 1986లో జపాన్‌లో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్' అనే ఆటలో కథ మారదు, మనిషి లెవెల్ మాత్రం పెరుగుతా పోతుంది. దాన్ని కూడా ఆర్.పి.జి. అనే అంటారు, లక్షల మంది ఆడినారు. పెద్దోడు దాని గురించి మాట్లాడేటప్పుడు కొంచెం నసుగుతాడు.

నాకు మాత్రం ఈ లెవెల్ సంగతి బాగా అర్థమైంది. ఎందుకంటే నేను ముప్పై ఏళ్ళు దాంట్లోనే బతికినాను.

కోయంబత్తూరులో నూలు మిల్లు. పద్దెనిమిదేళ్ళప్పుడు బొమ్మిడిలో రైలెక్కి పోయినాను. మొదట బదిలీ. అంటే ఎవరన్నా రాకపోతే ఆ పూట పని. గేటు కాడ నిలబడి టోకెన్ నంబర్ పిలుస్తారా లేదా అని చూడటం. తర్వాత బాబిన్లు తీసే పని, తర్వాత రింగ్ ఫ్రేమ్‌లో సైడు, తెగిన పోగు అతికేది. తర్వాత పర్మనెంట్. తర్వాత గ్రేడు. కార్డులో అంకె మారుతుంది, జీతంలో అంకె మారుతుంది. మిషను కాడ నిలబడిన మనిషి ఎవరు, ఎట్లాంటోడు అని ఆ కార్డు ఎప్పుడూ అడగలేదు. కాబట్టి మా చిన్నోడికి నేను చెప్పినాను: "నాయనా, అంకె పెరిగితే వేషం అయ్యేటట్టుంటే, మా మిల్లు కూడా ఆర్.పి.జి.నే."

వాడు నవ్వినాడు గానీ ఒప్పుకోలేదు. అయితే కూత్తు ఆర్.పి.జి.నా అని నన్నే తిరగేసి అడిగినాడు. ఆలోచిస్తే అదీ కాదు. కూత్తులో వేషం ఉంది, పేరు ఉంది, ఒళ్ళు మరిచిపోయేంత ఉంది. దుశ్శాసనుడి వేషగాడు ద్రౌపది కొంగు పట్టేముందు అమ్మవారికి దండం పెట్టి తప్పు కాయమని వేడుకోవడం మన పెద్దోళ్ళు చూసినారు. కానీ వాడు కొంగు పట్టకుండా ఉండేదానికి లేదు. "ఈ రోజు నాకు మనసు రాలేదు, వదిలేస్తా" అంటే కుదరదు. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు పడుకొని ఉంటాడు, భీముడు తొడ మీద కొట్టాల్సిందే. కథ ముందే రాసి ఉంది. మిల్లులో అంకె ఉంది, వేషం లేదు. కూత్తులో వేషం ఉంది, ఎంచుకునేది లేదు. ఇంక ఈ ఆటలో ఏముందో చూద్దామని నేనే ఆడతానన్నాను.

ఇంట్లో పెద్ద మనవరాలికి పన్నెండో క్లాసులో సర్కారు ఇచ్చిన లాప్‌టాప్ ఒకటి ఉంది. పాతది. కొత్త ఆటలు దాంట్లో ఎక్కవు. 2023లో 'బాల్డర్స్ గేట్ 3' అని ఒకటి వచ్చింది, దాని గురించి పెద్దోడు సినిమా హీరో గురించి చెప్పినట్టు చెప్తాడు, కానీ మా లాప్‌టాప్‌లో దాని బొమ్మ కూడా ఆడదంట. అందుకని బాగా పాతది ఒకటి వెతికినాడు. 'అల్టిమా 4'. 1985లో అమెరికాలో రిచర్డ్ గ్యారియట్ అనే ఆయన చేసింది, ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది, డబ్బు కట్టక్కరలేదు. ఆట పూర్తి పేరులో మన మాట ఒకటి ఉంది: అవతార్. చంపాల్సిన రాక్షసరాజు ఎవడూ లేడు దాంట్లో. ఎనిమిది మంచి గుణాలు సాధించి అవతారం అనిపించుకోవడమే ఆట. నిజాయితీ, దయ, ధైర్యం, న్యాయం, త్యాగం, మాట నిలుపుకోవడం, ఆత్మచింతన, అణకువ.

అంతా ఇంగ్లీషు. వాడు చదివి చెప్తాడు, నేను తెలుగులో చెప్పేది వాడు కొడతాడు. మొదట ఒక సోది చెప్పే ఆమె వస్తుంది. ఏడు ప్రశ్నలు అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకి రెండే జవాబులు, రెండూ మంచివే. అక్కడే ఉంది మెలిక. లెక్కపెట్టకుండా నీ చేతికిచ్చిన డబ్బు మూట ఒకరికి అందజేయాల, దారిలో బిచ్చగాడు కనిపించినాడు. నమ్మినోడి డబ్బు అట్లే అందజేస్తావా, ఎవరికీ తెలీదు గదా అని ఒక కాసు తీసి వాడికిస్తావా? నేను ఒక్కో దానికి పది నిమిషాలు తీసుకున్నాను. మా కోడలు కూడా కూరగాయలు తరుగుతా జవాబులు చెప్పింది. ఆమెవీ నావీ ఒక్కటి కూడా కలవలేదు.

ఏడూ అయినాక ఆట నేనెవరో చెప్పింది. గొర్రెల కాపరి.

పెద్దోడు తల పట్టుకున్నాడు. ఎనిమిది వేషాల్లో అన్నిటికన్నా బలం తక్కువ వేషం అదేనంట. అణకువ ఎక్కువ అని తేలితే కాపరి, ధైర్యం అయితే యోధుడు, నిజాయితీ అయితే మంత్రగాడు. "తాతా, మళ్ళీ మొదలుపెడదాం, జవాబులు నేను చెప్తా, యోధుడు వస్తాడు" అన్నాడు. వద్దన్నాను. అడిగింది నన్ను, చెప్పింది నేను. కాపరైతే కాపరి. మొదలయ్యేది ఒక దీవిలో, గర్వం ఎక్కువై పాడుబడిన ఊరు ఒకటుంది అక్కడ, ఊరంతా దయ్యాలే. చేతిలో కర్రతో నేను.

ఇంక అసలు సంగతికి వస్తా. ఆ ఆటలో మంత్రాలకి సరకులు కొనాల. వెల్లుల్లి, సాలీడు నూలు, గంధకం బూడిద, ఇట్లాంటివి. అమ్మే ఆమెకు కళ్ళు కనపడవు. ధర చెప్తుంది, డబ్బు నువ్వే లెక్కపెట్టి ఇవ్వాల. పెద్దోడు చెప్పినాడు, "తాతా, ఒక్క కాసు ఇచ్చినా సరకు మొత్తం ఇచ్చేస్తుంది. ఆమెకు తెలీదు."

"ఏమీ అనదా?"

"ఏమీ అనదు."

చేతిలో కాసులు తక్కువ ఉన్నాయి. మా కడత్తూరు తమలపాకుల సంతలో ఎంత మంది కట్టలో నాలుగాకులు తక్కువ పెట్టి అమ్మేది నేను చూడలేదు? సరే, ఒక్కటి ఇవ్వు అన్నాను. ఇచ్చినాము. నిజంగానే ఏమీ కాలేదు. సరకు వచ్చింది, ఆట ముందుకు పోయింది. నాలుగైదు సార్లు అట్లే కొన్నాము. పెద్దోడికి సంతోషం.

కొన్ని రోజులకి రాజు కోటలో ఒక జ్ఞాని దగ్గరికి పోయినాము. ఒక్కో గుణం గురించి నువ్వెట్లా ఉన్నావో ఆయన చెప్తాడు. బలానికి, డబ్బుకి తెర మీద అంకెలు ఉంటాయి. గుణాలకి మాత్రం అంకె ఎక్కడా కనపడదు. లోపల లెక్క నడుస్తానే ఉంటుంది. నిజాయితీ గురించి అడిగితే ఆయన ఒక్క మాటలో తీసిపడేసినాడు. అన్నీ రాసి పెట్టి ఉన్నాయి. ఆ కళ్ళు లేని ఆమె దగ్గర కొన్న ప్రతి వెల్లుల్లి.

ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆట వల్ల కాదు.

1986లో, రాత్రి షిఫ్ట్. మా పక్క సైడు అన్నకి మిషను పళ్ళచక్రాల్లో రెండు వేళ్ళు పోయినాయి. పైన మూత లేదు. వారం నుంచి లేదు, అందరికీ తెలుసు. తెల్లారి ఒక కాగితం తెచ్చినారు, మూత ఉండింది, అతనే తీసినాడు అని. సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నారు. అప్పుడు నేను బదిలీ. పెట్టినాను. ఎవరూ ఏమీ అనలేదు. మూడు నెలలకి పర్మనెంట్ అయినాను. కార్డులో అంకె మారింది. ఆ అన్నకి రావాల్సిన పరిహారం సరిగా రాలేదు, ఊరికి పోయినాడు. చాలా ఏళ్ళకి ఈరోడ్ స్టేషన్లో కనిపించినాడు, ఎడమ చేత్తో టీ తాగతా ఉన్నాడు. నేను పక్క పెట్టెలో ఎక్కినాను.

మర్నాడు పెద్దోడు అన్నాడు, "సేవ్ చేసి పెట్టినాను తాతా, సంతకి ముందుకి పోదాం, అదంతా జరగనట్టే." ఈ సౌకర్యం చాలా ఆటల్లో ఉందంట. అయితే వాడే ఇంకొకటి కూడా చెప్పినాడు. 2015లో వచ్చిన 'అండర్‌టేల్' అనే ఆటలో ఎవరినైనా చంపేసి, తర్వాత మనసు మారి పాత సేవ్‌కి వెనక్కి పోయినా, నువ్వు ముందు చేసింది నాకు తెలుసు అని ఆటే గుర్తు చేస్తుందంట. లెవెల్ పెరిగే అంకెకి దాంట్లో అర్థమే వేరు: ఎంత హింస చేసినావు అని. అది విని చిన్నోడు కూడా సెల్ పక్కన పెట్టినాడు. నిజమైన ఆర్.పి.జి. ఏదంటే వీళ్ళిద్దరూ ఇప్పుడు దాదాపు ఒక మాట మీదికి వచ్చినారు, అది వాళ్ళ తగువు, వాళ్ళు తేల్చుకోనీ. నా లెక్క మాత్రం ఇది: నువ్వెవరని అడగాల, ఎంచుకునే వీలు ఇయ్యాల, ఎంచుకున్నది మరిచిపోకూడదు.

వెనక్కి పోవద్దన్నాను. ఇప్పుడు ప్రతిసారీ ఆమె చెప్పిన ధర పూర్తిగా ఇస్తా ఉన్నాము. నిజాయితీ మెల్లగా ఎక్కుతుందంట. బిచ్చగాళ్ళకి కూడా వేస్తా ఉండేసరికి కాసులు ఎప్పుడూ చాలవు, పెద్దోడు గొణుగుతాడు.

ఆ మిల్లు కాగితం సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. ఆ మధ్యాహ్నం వీడికి చెప్పినాను. వాడు కాసేపు తెర వైపే చూసి, "ఆయనది ఏ ఊరు తాతా?" అన్నాడు. సేలం పక్కన, రైలు దిగినాక బస్సులో పోవాల అన్నాను. వాడు ఈ నెల పరీక్షలు అయినాక పోదామంటున్నాడు.