కాగితం మీద కన్సల్టెంటు, కార్యాలయంలో నౌకరు

నిరుడు వేసవిలో ఒక సాయంత్రం, అస్ర్ నమాజు ముగిసి జనం వెళ్ళిపోయాక, నా పూర్వ విద్యార్థి ఒకడు చేతిలో ఒక కాగితంతో వచ్చి కూర్చున్నాడు. చిన్ననాడు నా వద్ద నాజిరా ఖుర్ఆన్ చదివిన పిల్లవాడు. ఆ తరువాత పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, హైదరాబాదులోని ఒక నిర్మాణ సంస్థలో కంప్యూటరు మీద భవనాల ప్లాన్లు గీస్తున్నాడు.

"హజ్రత్, నెలకు ఇరవై వేలు అన్నారు. మూడేళ్ళుగా చేతికి పద్దెనిమిది వేలే వస్తున్నాయి. అడిగితే, నువ్వు ఉద్యోగివి కావు, కన్సల్టెంటువి, పన్ను కింద పోతోంది అంటున్నారు" అన్నాడు.

కాగితంలో నిజంగానే 'స్వతంత్ర కన్సల్టెంటు' అని వ్రాసి ఉంది. కింద అతని సంతకం ఉంది. చదవకుండానే చేశానన్నాడు. ఎన్నింటికి వెళ్తావని అడిగాను. ఉదయం తొమ్మిదిన్నరకు వేలిముద్ర వేయాలి, సాయంత్రం ఆరున్నర దాకా కదలరాదు. కంప్యూటరు వారిదే. శుక్రవారం జుముఆకు వెళ్ళాలన్నా మేనేజరు గారికి చెప్పి వెళ్ళాలి. బయటి పని ఒప్పుకుంటే తీసివేస్తారు. ఇందులో స్వతంత్రత ఎక్కడుందో నాకు కనబడలేదు.

ఆ రెండు వేల సంగతి మొదట చూద్దాం. నెలకు ఇరవై వేలంటే ఏడాదికి 2,40,000 రూపాయలు. దానినే జీతంగా చూపితే, పన్ను పడే ఆదాయం కాదు గనుక యజమాని ఒక్క రూపాయి కూడా కోయనక్కరలేదు. వృత్తి సేవల రుసుముగా చూపితే మాత్రం, ఏడాది చెల్లింపు నిర్ణీత పరిమితి దాటగానే 10 శాతం టీడీఎస్ కోయవలసిందే. ఆ పరిమితి నాడు 30,000 రూపాయలు, 2025 ఏప్రిల్ నుండి 50,000. మనిషీ, పనీ, సొమ్మూ మారలేదు. ఖాతాలో పేరు మారినందుకు ఏడాదికి 24,000 రూపాయలు ఇంటికి చేరకుండా ఆగిపోయాయి.

అయితే ఆ సొమ్ము పోయినట్లు కాదు. ప్రభుత్వం వద్ద అతని పాన్ సంఖ్య మీద జమ అయి ఉంటుంది. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో 26ఎ.ఎస్. పత్రం తెరిస్తే ఏ సంస్థ ఏనాడు ఎంత జమ చేసిందో కనిపిస్తుంది. రిటర్ను దాఖలు చేస్తే తిరిగి వస్తుంది. 'నాకు పన్నే లేదు, రిటర్ను ఎందుకు?' అనుకుని మన యువకులు ఎందరో ఈ సొమ్మును వదులుకుంటున్నారు. వీడూ అలాగే మూడేళ్ళు ఊరుకున్నాడు.

నన్ను ఎక్కువగా బాధించినది పన్ను కాదు. ఆ ముందు ఏడాది అతని భార్యకు ఆపరేషను చేసి కాన్పు చేశారు. ఆ ఖర్చుకు ఆమె గాజులు అమ్ముకున్నారు. పది మందికి పైగా పనిచేసే ఆ సంస్థలో అతణ్ణి ఉద్యోగిగా నమోదు చేసి ఉంటే, నెల వేతనం 21,000 లోపు గనుక ఇ.ఎస్.ఐ. వర్తించేది, ఆసుపత్రి ఖర్చు ఆ కుటుంబం మీద పడేది కాదు. వేతనంలో యజమాని వాటా 3.25 శాతం, అంటే నెలకు 650 రూపాయలు. ఆ 650 మిగుల్చుకోవడానికే 'కన్సల్టెంటు' అన్న గౌరవనామం పుట్టిందని నా అనుమానం.

మన ఫిఖహ్ గ్రంథాల్లో కిరాయి ప్రకరణం చదివినవారికి ఈ విభజన కొత్తది కాదు. హనఫీ ఫిఖహ్‌లో ప్రసిద్ధమైన 'హిదాయా'లో పనివారిని రెండు తెగలుగా చెప్పారు. తన కాలాన్ని ఒకరికే అప్పగించినవాడు అజీరె ఖాస్. నెల రోజులకు కుదుర్చుకున్న గొర్రెల కాపరి వంటివాడు. అతడు గడువంతా సిద్ధంగా ఉంటే చాలు, యజమాని పని చెప్పకపోయినా కూలికి హక్కుదారు. పలువురికి పని చేసిపెట్టే రంగరి, చాకలి వంటివారు అజీరె ముష్తరక్. వారికి పని పూర్తయితేనే కూలి. మా తరగతిలో ప్రతి ఏడూ ఎవరో ఒక విద్యార్థి అడుగుతాడు: 'దర్జీ ఏ తెగ?' దర్జీ అన్న పేరులో జవాబు లేదు, అతడు కాలం అమ్మాడా, పని అమ్మాడా చూడమంటాను.

దర్జీల విషయమే మన సుప్రీం కోర్టు ముందుకూ వెళ్ళింది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు, తీర్పు 1973లో. తెలంగాణ ప్రాంతపు దుకాణాల చట్టం కింద నడిచిన వివాదం. అక్కడి దర్జీలకు నెలజీతం లేదు, కుట్టినదానికే కూలి. కొందరు గుడ్డ ఇంటికి తీసుకుపోయి కుట్టేవారు. అయినా కోర్టు వారిని ఉద్యోగులుగానే గుర్తించింది. మిషన్లు దుకాణానివి, కుట్టు బాగాలేదని తిప్పికొట్టి మళ్ళీ కుట్టించే అధికారం యజమానిది. వేరే దుకాణాలకు కూడా కుట్టినంత మాత్రాన సంబంధం తెగిపోదని కూడా చెప్పింది. నిజామాబాదు, జగిత్యాల వైపు మన ఇళ్ళలో బీడీలు చుట్టే తల్లులకు ఇది తెలిసిన సంగతే. ఆకూ తంబాకూ ఇచ్చి ఇంటి వద్ద చుట్టించినా వారు ఉద్యోగులేనని 1966 నాటి బీడీ కార్మికుల చట్టం చెప్పింది.

పన్ను ఏ పేరిట కోశారన్నది ఒక ఆధారం మాత్రమే, తీర్పు కాదు. కోర్టు చూసేది పని నడిచిన తీరును. అందుకే హాజరు వివరాలు, సెలవు అడిగిన సందేశాలు, నెలనెలా సొమ్ము జమ అయిన బ్యాంకు పుస్తకం భద్రపరచమని అతనికి చెప్పాను.

నిజంగా స్వతంత్రంగా పనిచేసేవారి దారి వేరు. ఇంజనీరు, వైద్యుడు, న్యాయవాది వంటివారి ఏడాది రాబడి 50 లక్షలు మించకపోతే, అందులో సగమే ఆదాయంగా చూపే వెసులుబాటు ఉంది. ఎలక్ట్రీషియను, దర్జీ వంటి చిన్న వ్యాపారులు రాబడిలో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానిపై 6 శాతం ఆదాయంగా చూపవచ్చు. పెద్ద లెక్కల పుస్తకాలు అక్కరలేదు. ఫోనులో ఆర్డరు చూసుకుని భోజనం చేరవేసే కుర్రవాళ్ళను 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి మూడో కోవగా చూసింది. వారి సంక్షేమానికి ఆ కంపెనీలు తమ టర్నోవరులో 1 నుండి 2 శాతం ఇవ్వాలంటుంది.

ఇంకొక మాట, కొందరికి రుచించకపోవచ్చు. ఈ ఎత్తుగడ పెద్ద కంపెనీలదే కాదు. మన దుకాణాల్లో, మన పాఠశాలల్లో, నా వంటి వారు బోధించే సంస్థల్లో కూడా ఏళ్ళ తరబడి పనిచేసే మనిషికి 'గౌరవ వేతనం' అన్న మాట అంటగట్టి, జబ్బు చేస్తే చందా పుస్తకం తీస్తాము. చందా వేసే ముందు హక్కు ఇచ్చామా అని ఏ కమిటీ సమావేశంలోనూ అడగగా నేను వినలేదు. నేనూ చాలాకాలం అడగలేదు.

ఆ పిల్లవాడి రిటర్ను గడువులోపలే వేయించాము. 24,000 రూపాయలు అతని ఖాతాలో పడ్డాయి. గడువు దాటిన రెండేళ్ళకు, ఆలస్యాన్ని మన్నించమని ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు పెట్టాడు, ఇంకా జవాబు రాలేదు. ఇ.ఎస్.ఐ. కార్యాలయానికి ఫిర్యాదు వ్రాసి ఇచ్చాను గాని, దానిని అందజేయడానికి భయపడుతున్నాడు. ఉద్యోగం పోతుందేమోనని. గతవారం వచ్చినప్పుడు ఆ కాగితం ఇంకా అతని సంచిలోనే ఉంది.