దీపం ఆరిన ఊళ్ళు
పాత సర్వే పటం చేతబట్టి ఆలంపురంలో ఒక ప్రయాణం

“మా ఊరు ఇక్కడ ఎర్రగా ఉన్నదేమి సారూ?” అని అడిగారు పెద్దాయన. ఆయన వేలు పటం మీద ఒక చిన్న ఎర్రని చుక్కల గుంపు దగ్గర ఆగిపోయింది.

“ఎరుపంటే ఆ ఊళ్ళో మనుషులు కాపురముంటున్నారని గుర్తు” అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఊరు శ్రీశైలం జలాశయం క్రింద మునిగి నాలుగు దశాబ్దాలు దాటింది.

నేను ఆలంపురం వెళ్ళింది ఈ పని మీద కాదు. అక్కడి ఆలయాలను గురించిన ఒక ఆంగ్ల రచనను తెలుగు చేస్తుండగా, సంగమేశ్వరాలయాన్ని “కూడవెల్లి నుండి తరలించారు” అన్న వాక్యం ఎదురైంది. ఎక్కడిదీ కూడవెల్లి? నా దగ్గరున్న కొత్త పటాలలో ఆ చోట నీలిరంగు తప్ప మరేమీ లేదు. హైదరాబాదులో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఒక ఆదివారంనాడు పాత పుస్తకాల మధ్య మడతలు పడి దొరికిన సర్వే పటం ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది. కృష్ణా తుంగభద్రలు కలిసేచోటనే ఆ పేరున్నది. రెండు వెల్లువలు కూడే చోటని ఆ పేరులోనే వినిపిస్తున్నది.

1767లో ఏర్పడిన భారత సర్వే శాఖ దేశాన్నంతటినీ గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క పటం గీసింది. అంగుళానికి మైలు చొప్పున గీసినవి పాతవి. మెట్రిక్ కొలతలు వచ్చిన తరువాత 1:50,000 నిష్పత్తిలో గీసినవి కొత్తవి. కర్నూలు, ఆలంపురం రెండూ ‘57 ఐ/1’ అనే ఒకే గడిలో ఇమిడిపోతాయి. ఎరుపు జనావాసాలకూ బాటలకూ, నీలం నీటికి, ఆకుపచ్చ అడవికి, పసుపు సాగుభూమికి, గోధుమరంగు గీతలు నేల ఎత్తుపల్లాలకు గుర్తులు. ఇంత తెలిస్తే చాలు, పటం చదవడం వచ్చినట్లే.

పటం చేతికి రాగానే మొదట చూడవలసింది ఊరిని కాదు, అంచును. అచ్చయిన సంవత్సరం వేరు, సర్వే జరిగిన సంవత్సరం వేరు. ఆ రెంటిమధ్య చాలా ఏళ్ళ అంతరం ఉండవచ్చు. పటం చెప్పే సాక్ష్యం సర్వే జరిగిన నాటిదే. తరువాత పలుచని కాగితం మీద పాత పటంలోని బాటలను, చెరువులను, ఊళ్ళను ఎత్తివ్రాసుకుని, అదే నిష్పత్తికి తెచ్చిన కొత్త పటం మీద పరచాలి. ఏది కలిసిందో అది కాదు, ఏది కలవలేదో అది చరిత్ర.

ఆలంపురం విషయంలో మొదట కంటబడేది నది నడుమ సాగిన సరిహద్దు గీత. తుంగభద్రకు ఎడమగట్టున ఉన్న ఆలంపురం నిజాం రాజ్యంలోది. కుడిగట్టున ఉన్న కర్నూలు మదరాసు రాష్ట్రంలోది. ఒక ఏరు దాటితే పాలకుడు, నాణెం, కచేరీభాష మారిపోయేవి. 1956లో రెండు గట్లూ ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2014లో అదే నది మళ్ళీ రెండు రాష్ట్రాలకు ఎల్ల అయింది. పాత పటంలోని గీత చెరిగిపోయి, మళ్ళీ మొలిచింది.

రెండవది గోధుమరంగు గీతలు. అంగుళం పటంలో ఇవి సాధారణంగా 50 అడుగుల ఎత్తుకొకటి ఉంటాయి. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. అంటే పాత పటం మీద 850, 900 అడుగుల గీతల మధ్యనుండి వేలితో ఒక దారి గీస్తే, నీరు ఎంతవరకు వస్తుందో ఆనకట్ట కట్టకముందే తెలిసిపోతుంది. ఆ రేఖకు లోపల నూరుకు పైగా గ్రామాలు, లక్షమందికి పైగా ప్రజలు ఉన్నారు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు నీరు 1980 తరువాత ఈ ఊళ్ళను చేరింది.

దేవాలయాలను కాపాడటానికి గొప్ప కృషే జరిగింది. బాదామి చాళుక్యుల కాలంనాటి నవబ్రహ్మాలయాలకు నీటినుండి రక్షణగా గట్టు కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, ఆలంపురం తెచ్చి తిరిగి నిలిపారు. పాపనాశి ఆలయాలు, ఇరవైకి పైగా, అలాగే తరలివచ్చాయి. మనుషుల ఇళ్ళకు అంకెలు వేసి తెచ్చి నిలిపినవారు లేరు.

అయినా నీరు పటంలోని గీతను ఎల్లప్పుడూ మన్నించదు. 2009 అక్టోబరు తొలి రోజులలో జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, నీటిమట్టం 885 అడుగులు దాటినప్పుడు కర్నూలు, ఆలంపురం రెండూ మునిగాయి. నేల పల్లం ఎక్కడో, ఏటి పాత పొలిమేర ఎక్కడో ఎవరికైనా తెలుసుకోవాలనిపిస్తే, ఆ వివరం గోధుమరంగు గీతలలో అప్పటికే ఉన్నది. పాత పటం చూడటం కేవలం గతం మీది మమకారం కాదు. ఇల్లు ఎక్కడ కట్టకూడదో కూడా అది చెబుతుంది.

కాని పటం అన్నీ చెప్పదు. బావి ఉన్నదంటుంది గాని ఎవరిని తోడుకోనిచ్చేవారో చెప్పదు. పేర్లను విన్నవాడి చెవికి తోచినట్లు ఇంగ్లీషులో వ్రాసింది కనుక, వాటిని తిరిగి తెలుగులోకి తెచ్చుకోవడం అనువాదకులకు సైతం కష్టమే. ఈ లోటు పూర్వం ఒకరు గుర్తించారు. 1815లో దేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, నేలను కొలిపిస్తూనే కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య వంటి తెలుగువారి సాయంతో ఊరూరి కైఫీయతులను కూడా సేకరించాడు. కొలత ఒక కన్ను, కథ రెండవ కన్ను అన్నమాట. మనకూ ఆ రెండూ కావాలి. పటం పట్టుకుని ఊళ్ళోని పెద్దల దగ్గర కూర్చుంటే, రెండవది దానంతటదే వస్తుంది.

నేను చేసింది అదే. పెద్దాయన నా పెన్సిలు అడిగి తీసుకున్నారు. ఆ ఎర్రని చుక్కల ప్రక్కన తమ ఇల్లు, రచ్చకట్ట, చింతతోపు, ఏటికి దిగే దారి గుర్తించారు. మధ్యలో ఒకచోట ఆగి, “ఇక్కడ మా అమ్మను దహనం చేసినాము” అన్నారు. ఏ సర్వేదారూ ఆ గుర్తు వేయలేదు.

జనం విడిచిపోయిన గ్రామాన్ని రెవెన్యూ లెక్కలలో ‘బేచిరాగు’ అంటారు. చిరాగు అంటే దీపం. దీపం లేని ఊరన్నమాట. సర్వే పటంలో అటువంటి గ్రామాలకు వేరే గుర్తు ఉన్నది. నీటిలో మునిగిన ఊళ్ళకు ఆ గుర్తు కూడా దక్కలేదు, వట్టి నీలం తప్ప.

వెళ్ళేముందు పటానికి ఒక నకలు తీయించి పెద్దాయనకు ఇచ్చాను. ఆయన దానిని మడవకుండా రెండు చేతులతో పట్టుకుని, ఆడుకుంటున్న మనుమరాలిని కేకవేశారు. “దా తల్లీ, మన ఊరు ఎక్కడని రోజూ అడుగుతావే. ఇదిగో, చూడు.”

పాప వంగి చూసింది. ఆ ఎర్రని చుక్కల మీద తన వేలు పెట్టింది.