విలక్కు దగ్గర ఎంత విళక్కు?

మదురైలో అరుప్పుక్కోట్టై బస్సెక్కి కూర్చుంటే దారి పొడవునా వినబడే మాట ఒకటుంది: విలక్కు. పెద్దరోడ్డు నుంచి పల్లెబాట చీలే చోటును ఈ దక్షిణపు జిల్లాల్లో అలా అంటారు. ‘ఫలానా పట్టి విలక్కు’ అని కండక్టరు కేకేస్తే మూటలు సర్దుకుని దిగేవాళ్లు దిగుతారు. దీపాన్ని తమిళంలో విళక్కు అంటారు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడే కారియాపట్టి, విరుదునగర్, కోవిల్‌పట్టి మనవాళ్లకు ఈ ల, ళ తేడా ఎవరూ నేర్పనక్కర్లేదు. విలక్కు దగ్గర పెట్టే విళక్కు ఎంతది ఉండాలన్నదే ఈ నెల సంగతి.

ట్రాఫిక్ సిగ్నల్ దీపాలన్నీ ఒకే కొలతలో ఉండవు. మన దేశంలో ప్రధానంగా వాడేవి రెండు. ఒకదాని వ్యాసం 200 మిల్లీమీటర్లు, అంటే టిఫిన్ పళ్లెమంత. రెండోది 300 మిల్లీమీటర్లు, అన్నం కంచమంత. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1985లో వెలువరించిన ఐఆర్‌సీ 93 మార్గదర్శకాల్లో ఈ రెండు కొలతలూ ఉన్నాయి. పెద్ద ఊరికి పెద్ద దీపం, చిన్న ఊరికి చిన్న దీపం అనుకుంటారు చాలామంది. ఊరి పెద్దరికానికీ దీపానికీ సంబంధం లేదు. కొలత తేల్చేది బండి వేగం.

గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆగడానికి 30 మీటర్లు కావాలని మన రోడ్డు ఇంజనీర్ల లెక్క. 50 అయితే 60 మీటర్లు. 80 అయితే 120 మీటర్లు. ఎరుపు కంటబడ్డాక కాలు బ్రేకు మీదికి చేరడానికి రెండున్నర సెకన్లు పడుతుందని ఇందులోనే కలిపారు. 80 మీద ఉన్న లారీ ఆ రెండున్నర సెకన్లలోనే 55 మీటర్లు దాటేస్తుంది, వేగం ఇంకా ఇసుమంతైనా తగ్గకుండానే. మదురై నుంచి తూత్తుకుడి పోయే నాలుగు వరుసల దారి కారియాపట్టిని ఒరుసుకునే వెళ్తుంది. ఆ దారి మీది డ్రైవరుకు దీపం కనీసం 120 మీటర్ల దూరంలో తెలియాలి. పక్క పల్లె నుంచి మోపెడ్ మీద వచ్చే రైతుకు 30 మీటర్ల దూరంలో తెలిస్తే చాలు.

120 మీటర్ల నుంచి ఆ దీపం కంటికి ఎంత కనబడుతుంది? పున్నమి చంద్రుణ్ణి కొలబద్దగా పెట్టుకుందాం. 200 మిల్లీమీటర్ల దీపం చంద్రుడి వెడల్పులో సుమారు అయిదో వంతు. 300 మిల్లీమీటర్ల దీపం నాలుగో వంతుకు కొంచెం ఎక్కువ. వ్యాసం ఒకటిన్నర రెట్లే పెరిగినా వెలుగు మొహం రెండుంబావు రెట్లవుతుంది. వైశాల్యం లెక్క అంతే మరి.

గుండ్రటి దీపమైతే రంగు తెలిస్తే సరిపోతుంది. బాణం గుర్తు అలా కాదు, ఆకారం కూడా తెలియాలి. బాణం గీత మందం నాలుగు సెంటీమీటర్లనుకుంటే, 120 మీటర్ల దూరంలో అది మంచి చూపున్న కంటికి అందే అంచున ఉంటుంది. అద్దాలు మార్చుకోవాల్సిన వయసులో ఉన్నవాళ్లకు ఆకుపచ్చ మచ్చ తప్ప ఏమీ కనబడదు. అందుకే బాణాలకు పెద్ద పళ్లేన్నే వాడమంటారు.

ఇంత చెప్పాక నా అభిప్రాయం కూడా చెప్పాలి. ఒకే కూడలిలో ఒక వైపు పెద్ద దీపాలు, ఇంకో వైపు చిన్నవి కనబడితే కాంట్రాక్టరును తిట్టుకోకండి. అది సరైన పనే కావచ్చు. పెద్దరోడ్డు వైపు తిరిగిన ముఖానికి 300, పల్లెబాట వైపు ముఖానికి 200 పెట్టడంలో తప్పేమీ లేదు. తిట్టవలసింది ఎప్పుడంటే, ఆ రెండూ తారుమారైనప్పుడు. చెడిపోయిన పెద్ద దీపం స్థానంలో గోదాములో దొరికిన చిన్నది బిగించినప్పుడు.

అమెరికాలో ఎనిమిది అంగుళాల దీపం ఒకప్పుడు వీధి వీధికీ ఉండేది. 2009 నాటి అక్కడి జాతీయ నియమావళి, కొత్తగా పెట్టేవాటికి కొన్ని మినహాయింపులు తప్ప పన్నెండు అంగుళాలే వాడమంది. ఇక అమరిక మాటకొస్తే, టెక్సాస్‌లో చాలాచోట్ల మూడు దీపాలూ అడ్డంగా వేలాడతాయి, ఎరుపు ఎడమ చివర. అక్కడున్న మన పిల్లలనడిగితే చెబుతారు. జపాన్‌లోనూ అడ్డమే, కానీ ఎరుపు కుడి చివర. వాళ్లూ మనలాగే ఎడమ పక్క నడుపుతారు. రోడ్డు అంచు చెట్ల కొమ్మలు కమ్మేది ఎడమ చివరనే కాబట్టి, అతి ముఖ్యమైన దీపాన్ని దూరంగా జరిపారు. కెనడాలోని క్యూబెక్‌లో ఎరుపును చదరంగా, పసుపును వజ్రం ఆకారంలో పెట్టిన సిగ్నళ్లున్నాయి. ఎరుపు, పచ్చ తేడా తెలియని కళ్లకు ఆకారమే ఆసరా. మనకు ఆ పని నిలువు వరుసలోని స్థానం చేస్తుంది: పైది ఎరుపు, కిందది పచ్చ.

దీపం ఎంత పెద్దదైనా బస్సు ముందు ఓడిపోతుంది. లెక్క వేసి చూడండి. మోపెడ్ మీద కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉంటుందనుకుందాం. అయిదు మీటర్ల ముందు 3.2 మీటర్ల ఎత్తు బస్సు ఉంది. సిగ్నల్ రోడ్డు పైన 5.5 మీటర్ల ఎత్తున వేలాడుతోంది. సరళమైన త్రిభుజాల లెక్క ప్రకారం అతనికి పదకొండు మీటర్లకు అవతలి సిగ్నల్ ఏదీ కనబడదు. దానికి మందు పెద్ద దీపం కాదు, రెండో దీపం. ఆగే గీత పక్కన ఒకటి, కూడలి దాటాక ఎదురుగా ఇంకొకటి. మన పద్ధతి ఇదే. ఫ్రాన్స్‌లో స్తంభానికి కింద, కంటి ఎత్తులో, బుల్లి దీపాలు కూడా బిగిస్తారు, ముందు వరుసలో ఆగినవాడు మెడ విరుచుకోకుండా. చెన్నై, హైదరాబాద్ లాంటి నగరాల్లో కొన్ని కూడళ్లలో స్తంభం పొడవునా రంగు మారే వెలుగు పట్టీలు పెట్టారు. చూడ్డానికి కాస్త తిరునాళ్లలా ఉన్నా, వెనక నిలబడ్డవాడికి పనికొస్తాయి.

సూర్యుడి సంగతి వేరు. పెద్దరోడ్డు ఇక్కడ దాదాపు ఉత్తర దక్షిణాలుగా పోతుంది గనుక, దాన్ని అడ్డంగా కలిసే బాటలు చాలావరకు తూర్పు పడమరలు. పడమటి పొద్దు నేరుగా దీపం గాజు మీద పడితే, పాత బల్బు సిగ్నళ్లలో లోపలి అద్దం ఆ వెలుగును తిప్పికొట్టేది. మూడు దీపాలూ వెలిగినట్టే ఉండేవి. పైనున్న నల్ల గొడుగు సోకు కోసం కాదు, ఈ దొంగ వెలుగును ఆపడం కోసం. ఎల్‌ఈడీలకు ఆ అద్దం ఉండదు కాబట్టి బాధ తగ్గింది. పైగా 150 వాట్ల దాకా తాగే చోట పది పదిహేను వాట్లతో సరిపెడుతున్నాయి.

ఎరుపు కాంతి తరంగదైర్ఘ్యం ఎక్కువ గనుక మంచులో, దుమ్ములో చెదరదని, అందుకే దాన్ని ఎంచుకున్నారని బడిలో చెబుతారు. సగమే నిజం. ఆ సూత్రం గాలి అణువులంతటి సూక్ష్మ కణాలకు. మంచు బిందువులు, లారీ లేపే కరిసల్ (నల్లరేగడి) నేల దుమ్ము కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి. అవి అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. రోడ్డు మీదికి ఎరుపు వచ్చింది రైలుబాట నుంచి. 1868 డిసెంబరులో లండన్‌లో పార్లమెంటు ఎదుట మొదటి గ్యాసు దీపపు సిగ్నల్ పెట్టించిన నైట్ అనే ఆయన రైల్వే ఇంజనీరే. నెల తిరక్కముందే అది పేలిపోయింది.

చివరగా పసుపు. దాని కొలత వ్యాసంలో కాదు, సెకన్లలో. ఆగాలంటే చోటు చాలదు, దాటాలంటే సమయం చాలదు. ఇలాంటి ఇరకాటపు మేర ఒకటి రోడ్డు మీద ఉంటుందని 1960లో గేజిస్, హెర్మన్, మరదుదిన్ అనే ముగ్గురు లెక్కగట్టి చూపారు. పసుపు లెక్కలో మనిషి తేరుకోవడానికి ఒక సెకనే తీసుకుంటారు. దానికి నెమ్మదిగా బ్రేకు వేయడానికి తగిన సమయం కలిపితే 30 కిలోమీటర్ల వేగానికి పసుపు రెండున్నర సెకన్లు చాలు. 80కి దాదాపు అయిదు కావాలి. పెద్దరోడ్డు వైపు రెండు సెకన్ల పసుపు పెడితే 300 మిల్లీమీటర్ల దీపం కూడా ఆ డ్రైవరును కాపాడలేదు.

అసలు అంత వేగపు దారికి సిగ్నల్ కంటే కింది నుంచి దాటే దారి మేలు. అది రాని చోట్ల మాత్రమే దీపం. మీ ఊరి విలక్కు కోసం అర్జీ రాసేటప్పుడు ‘సిగ్నల్ కావాలి’ అని ఊరుకోకండి. పెద్దరోడ్డు ముఖానికి 300 మిల్లీమీటర్లు, ఎదురుగా రెండో దీపం, పసుపుకు అయిదు సెకన్లు అని విడమరచి రాయండి.